తంబూరాలాంటి ఆంప్ కోసం: ప్రయాణ సాధనకు మూడు పరికరాల తులన

రాజమండ్రిలో స్టేషన్‌కు దగ్గరి లాడ్జిలో రాత్రి 10 దాటాక ఎలక్ట్రిక్ గిటార్ సాధన చెయ్యాలంటే రెండే దారులు. దేనికీ కలపకుండా ఉత్త తీగల మీద వాయించుకోవాలి, లేదా మన చెవులకు మాత్రమే వినిపించే చిన్న ఆంప్ ఒకటి సంచిలో ఉండాలి. ఉద్యోగం పని మీద నెలలో పది పన్నెండు రోజులు ఊళ్లు తిరిగే నేను మొదటి దారిలో రెండేళ్లు నడిచాను. ఆ రెండేళ్లలో నా కుడిచెయ్యి చెడిపోయింది.

గట్టి చెక్కతో చేసిన ఎలక్ట్రిక్ గిటార్‌కు వీణకున్నట్టు కుండ ఉండదు, మామూలు గిటార్‌కున్నట్టు బోలు పెట్టె ఉండదు. ఆంప్ లేకపోతే సన్నటి తీగ చప్పుడు తప్ప ఏమీ వినపడదు. చెవికి ఆనకపోయేసరికి చెయ్యి తనకు తెలియకుండానే గట్టిగా మీటడం మొదలుపెడుతుంది. ఎడమచేతి వేలు పక్క తీగకు తగిలి అది మోగుతున్నా తెలియదు. స్వరం ఎంతసేపు నిలిచిందో, ఎక్కడ తెగిందో తెలియదు. ఇంటికొచ్చి ఆంప్‌కు కలిపినప్పుడల్లా నా వాయింపు నాకే పరాయిగా వినపడేది. ప్రతి మీటూ మోటుగా ఉండేది, ప్రతి స్వరం వెనకా ఇంకో తీగ గుర్రుమనేది. వినకుండా చేసిన సాధన తప్పుల్ని దిద్దదు, వాటికి అలవాటు చేస్తుంది.

గాత్రం నేర్చుకునేవాళ్లకు పక్కన తంబూరా ఉంటుంది. అది రాగం ఎత్తుకోదు, మెప్పించాలని చూడదు. షడ్జమ పంచమాలను నిలిపి ఉంచుతుంది. ఆ నిలకడ ముందు గొంతు వెంట్రుకవాసి జారినా బయటపడుతుంది. నా సంచిలో ఉండాల్సిన ఆంప్ ఆ జాతిది కావాలని చాలా ఆలస్యంగా తెలుసుకున్నాను. దుకాణాల్లో వీటిని ఎన్ని ఆంపుల ధ్వనులు ఇస్తుంది, ఎన్ని ఎఫెక్టులు ఉన్నాయి అనే లెక్క మీద అమ్ముతారు. సాధన చేసేవాడు అడగాల్సింది వేరు. నా తప్పును ఇది ఎంత స్పష్టంగా, ఎంత త్వరగా నాకు వినిపిస్తుంది? ఆ ప్రశ్న పట్టుకుని మూడు పరికరాలను పక్కపక్కన పెట్టి చూస్తున్నాను.

మూడు పరికరాలు, రెండు పద్ధతులు

ఈ అవసరం కొత్తది కాదు. బోస్టన్ బృందం గిటారిస్టు టామ్ షోల్జ్ ఎంఐటీలో చదివిన ఇంజనీరు, పోలరాయిడ్ సంస్థలో పనిచేసినవాడు. 1982లో ఆయన సంస్థ రాక్‌మాన్ అనే చిన్న డబ్బాను తెచ్చింది. నడుముకు తగిలించుకుని హెడ్‌ఫోన్ పెట్టుకుంటే స్టూడియోలో రికార్డు చేసిన గిటార్‌లా వినపడేది. సాధన కోసం పుట్టిన ఆ డబ్బా చివరికి స్టూడియోల్లోకే చేరింది. డెఫ్ లెపర్డ్ బృందం 1987 నాటి 'హిస్టీరియా' ఆల్బమ్ గిటార్లలో దాని ముద్ర బలంగా ఉంది. రాక్‌మాన్ లోపల ఉన్నవి అనలాగ్ సర్క్యూట్లు. ఆంప్ ప్రవర్తనను అంకెల్లోకి మార్చి లెక్కకట్టి అనుకరించే డిజిటల్ పద్ధతి 1990ల్లో బలపడింది. రంగులోనూ ఆకారంలోనూ రాజ్మా గింజను తలపించే లైన్ 6 పాడ్ 1998లో వచ్చి దాన్ని మామూలు గిటారిస్టుల ఇళ్లకు చేర్చింది.

నేను ఎంచుకున్న మూడింటిలో ఈ రెండు పద్ధతులూ ఉన్నాయి. మొదటిది వాక్స్ ఆంప్లగ్ 2లోని ఏసీ30 రకం. ఆంప్లగ్ వరుస 2007లో మొదలైంది, రెండో తరం 2014లో వచ్చింది. ఇది అనలాగ్ సర్క్యూట్ మీద పనిచేస్తుంది. రెండోది 2021లో వచ్చిన ఫెండర్ మస్టాంగ్ మైక్రో. డిజిటల్. 12 ఆంపుల ధ్వనులు, 12 ఎఫెక్టుల కూర్పులు. మూడోది 2024లో వచ్చిన బాస్ కటానా గో. ఇదీ డిజిటలే. గిటార్‌కు 10 ఆంప్ రకాలు, బేస్ గిటార్‌కు 3, ఎఫెక్టులు 60కి పైగా. మూడూ అరచేతిలో ఇమిడేవే. మూడింటినీ గిటార్ జాక్‌లో నేరుగా గుచ్చుకోవచ్చు, మధ్యలో తీగ అక్కర్లేదు.

లైన్ 6 హెచ్‌ఎక్స్ స్టాంప్ లాంటి పెడల్ తరహా పరికరాలు ధ్వనిలో వీటికన్నా పై మెట్టున ఉంటాయి. కానీ వాటికి అడాప్టర్ కావాలి, గిటార్ తీగ కావాలి, నేల మీద చోటు కావాలి. లాడ్జి గదిలో మంచం పక్కన ఉన్న ఒక్క ప్లగ్గులో ఫోన్ చార్జర్ ఉంటుంది. వాటిని ఈ తులనలోకి తీసుకోలేదు.

మూడింటినీ ఒకే గిటార్ మీద, తీగ ఉన్న ఒకే హెడ్‌ఫోన్‌తో, ఒకే నాలుగు పాఠాలతో విన్నాను. ఒకటి, మాయామాళవగౌళలో సరళి వరుసలు మూడు కాలాల్లో, క్లీన్ ధ్వనితో. రెండు, తీగను పక్కకు లాగి పై స్వరాన్ని అందుకుని అక్కడ నిలపడం. మూడు, అరచేతి అంచుతో తీగల్ని అదిమిపట్టి డిస్టార్షన్‌తో వాయించే రిథమ్. నాలుగు, వాయిస్తూ వాయిస్తూ గిటార్ వాల్యూమ్ నాబ్‌ను 10 నుంచి 5కు దించడం.

సంచి విప్పిన దగ్గర్నుంచి మొదటి స్వరం దాకా

ప్రయాణంలో సాధనకు దొరికేది అరగంట, మహా అయితే ముప్పావుగంట. స్నానం, భోజనం, మర్నాటి పని కాగితాలు పోగా మిగిలిన సమయం అది. అందులో పది నిమిషాలు పరికరానికే పోతే మిగిలేదానికి సాధన అని పేరు పెట్టలేం.

ఆంప్లగ్‌లో మడిచి ఉన్న ప్లగ్గును విప్పి గిటార్‌లో గుచ్చి బటన్ నొక్కితే చాలు. గెయిన్, టోన్, వాల్యూమ్ అని మూడు చక్రాలు. నిన్న ఎక్కడ పెట్టామో ఈరోజూ అక్కడే ఉంటాయి. ఎఫెక్టుకు ఇంకో బటన్. కోరస్, డిలే, రివర్బ్ ఒక్కొక్కటి మూడేసి రకాలుగా దొరుకుతాయి, అక్కర్లేకపోతే ముట్టుకోనక్కర్లేదు. శ్రుతి చూసుకునే ట్యూనర్ మాత్రం ఇందులో లేదు.

మస్టాంగ్ మైక్రోకూ ఫోన్ అవసరం లేదు. ఆంప్, టోన్, ఎఫెక్ట్, ఆ ఎఫెక్ట్ ఎంత అనేవి పక్కనున్న బటన్లతో మార్చుకోవాలి. తెర లేదు కాబట్టి ఏ ఆంప్ మీద ఉన్నామో చిన్న దీపం రంగే చెప్తుంది. పన్నెండు రంగులు, పన్నెండు ఆంపులు. గదిలో పసుపు బల్బు వెలుగుతుంటే దగ్గరదగ్గర రంగుల్ని పోల్చుకోవడానికి కాస్త అలవాటు కావాలి. గెయిన్‌కు విడిగా నాబ్ ఇవ్వలేదు. టోన్‌కు మామూలు స్థాయి, దానికి అటూ ఇటూ రెండేసి మెట్లు, మొత్తం ఐదు. గెయిన్ తగ్గాలంటే గిటార్ మీది వాల్యూమ్ నాబ్‌నే వాడాలి. దీన్ని చాలామంది లోపం అన్నారు. నాకు మాత్రం ఇది మంచి శిక్షణలా అనిపించింది. గిటార్ మీదున్న నాబ్‌ను జీవితంలో ముట్టుకోనివాళ్లు ఎందరో ఉన్నారు, ఈ పరికరం వాళ్ల చెయ్యి పట్టుకుని అక్కడికి తీసుకెళ్తుంది.

కటానా గోలో చిన్న తెర ఉంది, ఎంచుకున్నదాని పేరు కనిపిస్తుంది. ట్యూనర్ ఉంది. ఏసీ బోగీ దిగి ఎండలోకి వచ్చేసరికి తీగలు శ్రుతి తప్పుతాయి కాబట్టి ప్రయాణంలో ఇది చిన్న విషయం కాదు. కావలసిన ధ్వనుల్ని మెమరీల్లో దాచుకోవచ్చు. కానీ లోతుగా మార్చాలంటే ఫోన్ యాప్ తెరవాలి. అక్కడ అరవైకి పైగా ఎఫెక్టులు, ఒక్కోదానికి మళ్లీ లోపలి సర్దుబాట్లు. డిలే ఇంకాస్త తగ్గిద్దాం, రివర్బ్ మారుద్దాం అనుకుంటూ ఇరవై నిమిషాలు గడిచిపోతాయి. ఆ ఇరవై నిమిషాలూ చేతులు గిటార్ మీద లేవు. ఈ సంపదను వాడుకునేవాడికి ముందుగా ఒక నియమం ఉండాలి. ఇంట్లో తీరిక ఉన్నప్పుడు రెండు మెమరీలు సిద్ధం చేసుకోవాలి, ప్రయాణంలో యాప్ జోలికి వెళ్లకూడదు. ఆ నియమం పాటించగలిగితే కటానా గో కూడా ఆంప్లగ్ అంత త్వరగానే సిద్ధమవుతుంది.

మీటుకు జవాబు

డిజిటల్ పరికరం అనగానే ఆలస్యం గురించి భయపడేవాళ్లున్నారు. లోపల శబ్దాన్ని అంకెలుగా మార్చి, లెక్కకట్టి, మళ్లీ శబ్దం చెయ్యడానికి కొన్ని మిల్లీసెకన్లు పడుతుంది. గాలిలో శబ్దం ఒక మిల్లీసెకనుకు సుమారు 34 సెంటీమీటర్లు వెళ్తుంది. ఆంప్‌కు రెండు మీటర్ల దూరంలో నిలబడి వాయించేవాడికి ధ్వని చేరడానికి ఆరు మిల్లీసెకన్లు పట్టినా అతనికి తేడా తెలియదు. మస్టాంగ్, కటానాల్లో ఆలస్యం నా చేతికి తగల్లేదు. అసలు తేడా వేరే చోట ఉంది.

వాక్స్ ఏసీ30 అసలు ఆంప్ 30 వాట్లది, 1950ల చివర ఇంగ్లండులో పుట్టింది. మస్టాంగ్ అనుకరించే ఆంపుల్లో ఒకటైన ఫెండర్ ట్విన్ రివర్బ్ 85 వాట్లది. ట్విన్ పేరు తెచ్చుకున్నది ఎంత గట్టిగా మీటినా చెదరని క్లీన్ ధ్వనితో. ఏసీ30 పేరు తెచ్చుకున్నది సరిగ్గా దానికి వ్యతిరేకమైన గుణంతో. మెల్లగా మీటితే గంటలా మోగుతుంది, గట్టిగా మీటితే అంచుల్లో చిట్లుతుంది. చేతి బరువు పెరిగినకొద్దీ చిట్లడమూ పెరుగుతుంది.

సరళి వరుసల్లో ఈ గుణం కళ్లకు కట్టినట్టు తెలిసింది. మస్టాంగ్ మైక్రోలో ట్విన్ ధ్వని పెట్టుకుని వాయిస్తే మూడు కాలాల్లోనూ అందంగా ఉంది. ప్రతి స్వరం గుండ్రంగా, విడివిడిగా వినపడింది. మూడింటిలో వినడానికి అన్నిటికన్నా హాయైన క్లీన్ ధ్వని అదే. కటానా గో క్లీన్ కూడా అలాగే తేటగా ఉంది, కాస్త బిగువు ఎక్కువ. ఆంప్లగ్‌లో గెయిన్‌ను సగానికి పెట్టి అదే వరుస వాయించాను. మొదటి కాలంలో బాగానే ఉంది. రెండో కాలంలో పై స్థాయి షడ్జమం దగ్గర గర్రుమంది. మూడో కాలంలో నాలుగైదు చోట్ల చిట్లింది. పిక్‌ను కిందికి కొట్టినప్పుడల్లా నా చెయ్యి బరువెక్కుతోందని, పైకి తీసినప్పుడు తేలికవుతోందని ఆ చిట్లడమే చెప్పింది. ట్విన్ ఆ తప్పును క్షమించింది. ఏసీ30 క్షమించలేదు.

తంబూరా గుణం అంటే ఇదే. వేదిక మీద క్షమించే ఆంప్ కావాలి. లాడ్జి గదిలో నాకు కావలసింది క్షమించనిది. క్లీన్‌కూ డిస్టార్షన్‌కూ మధ్య, చిట్లడానికి సిద్ధంగా ఉన్న ఆ అంచు మీద నిలిపిన ధ్వని కుడిచేతికి గురువు. కటానా గోలో క్రంచ్ రకాన్ని ఎంచుకుని గెయిన్ తగ్గించి దాదాపు ఆ అంచుకే రావచ్చు. మస్టాంగ్‌లో బ్రిటిష్ తరహా ఆంప్ పెట్టుకుని గిటార్ వాల్యూమ్ దించి రావచ్చు. కానీ వాటిలో ఆ అంచును మనం వెతుక్కోవాలి. ఆంప్లగ్‌లో ఒక చక్రం తిప్పితే వస్తుంది.

రెండో పాఠంలో, తీగ లాగి స్వరం నిలపడంలో, కటానా గో ముందుంది. లాగిన తీగ పై స్వరానికి చేరిందో లేదో వినాలంటే ధ్వని కాస్తసేపు నిలవాలి. దాని లీడ్ రకంలో స్వరం చక్కగా నిలుస్తుంది. వాయించాక ట్యూనర్ తెరతో సరిచూసుకోవచ్చు. ముందు చెవితో నిర్ణయించుకుని, ఆ తర్వాతే తెర వైపు చూడాలి. మూడో పాఠం, అదిమిపట్టిన తీగల రిథమ్, పూర్తిగా కటానాదే. మంద్రం బిగువుగా ఉండి, చెయ్యి లేపిన చోట ధ్వని శుభ్రంగా తెగింది. మస్టాంగ్‌లోని భారీ ఆంపులు ఆ పని చేస్తాయి గాని, తేలికగా మీటినా గట్టిగా మీటినా దాదాపు ఒకే ఎత్తున వినపడ్డాయి. ఏసీ30 రకం ఈ పనికి తయారైంది కాదు. దానికోసం ఆ తరంలో వాక్స్ విడిగా మెటల్ రకం తెచ్చింది. ఒక్కో ధ్వనికి ఒక్కో ఆంప్లగ్ కొనాల్సి రావడం ఆ వరుసలోని పెద్ద పరిమితి. 2023 నాటి మూడో తరంలో ఒక్కోదానికి రెండు చానళ్లు ఇచ్చి దాన్ని కొంత సడలించారు.

నాలుగో పాఠంలో ఆంప్లగ్, కటానా రెండూ నాబ్ దించినకొద్దీ నెమ్మదిగా తేటపడ్డాయి. మస్టాంగ్‌లో ఆ మార్పు కొన్ని ఆంపుల్లో మెల్లగా, కొన్నిటిలో ఒక్కసారిగా వచ్చింది.

తల లోపల మోగే గిటార్

గిటార్ ఆంప్‌లో వాడే స్పీకర్ పాటలు వినే స్పీకర్‌లాంటిది కాదు. సుమారు 5 కిలోహెర్ట్జ్ దాటాక దాని ధ్వని వేగంగా పడిపోతుంది. డిస్టార్షన్‌లోని పదును మనకు తియ్యగా వినపడడానికి ఆ పడిపోవడమే కారణం. హెడ్‌ఫోన్ ఆ పైభాగాన్నంతా దాచకుండా వినిపిస్తుంది. స్పీకర్, పెట్టె చేసే పనిని కూడా లోపలే అనుకరించకపోతే తేనెటీగల తుట్టె చెవి దగ్గర పెట్టినట్టుంటుంది. మూడు పరికరాలూ ఆ పని చేస్తాయి. ఆంప్లగ్‌లో పైభాగం కాస్త గరుకుగా మిగులుతుంది, గెయిన్ పెంచితే స్వరాల మధ్య సన్నటి హోరు కూడా వినపడుతుంది.

హెడ్‌ఫోన్‌లో ఇంకో సమస్య, గిటార్ గదిలో కాకుండా తల మధ్యలో మోగుతున్నట్టుండడం. అరగంట దాటితే అలసట వస్తుంది. బాస్ సంస్థ 2020లో తెచ్చిన వాజా ఎయిర్ హెడ్‌ఫోన్లు తల తిప్పితే ధ్వని దిక్కు కూడా మారేలా చేసి దీనికి ఒక దారి చూపించాయి. కటానా గోలోని స్టేజ్ ఫీల్ అనే సదుపాయం తల కదలికను లెక్కలోకి తీసుకోదు గాని, ఆంప్ మనకు కొంత దూరంలో ఉన్నట్టు అనిపింపజేస్తుంది. దీర్ఘంగా వాయించేవాళ్లకు ఇది నిజమైన ఉపశమనం. అయితే ఆ దూరపు భ్రమతో పాటు కొంత మెత్తదనమూ వస్తుంది. పక్క తీగ మోగిన చప్పుడు, వేలు జారిన గీత వెనక్కి తగ్గుతాయి. అందుకే మొదటి పావుగంట అన్నీ ఆపేసి పొడి ధ్వనితో వాయించి, ఆ తర్వాతే దాన్ని పెట్టుకోమంటాను.

చెవుల జాగ్రత్త గురించి కూడా ఇక్కడే చెప్పాలి. రైల్లో చక్రాల హోరును మించి వినపడాలని వాల్యూమ్ పెంచుతాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు చెప్పిన హద్దు వారానికి 40 గంటలు, అదీ 80 డెసిబెల్స్ దగ్గర. ధ్వని పెరిగినకొద్దీ ఆ గంటలు చాలా వేగంగా తగ్గిపోతాయి. చెవిని పూర్తిగా కప్పే హెడ్‌ఫోన్ కొంటే బయటి హోరు తగ్గుతుంది, వాల్యూమూ తగ్గించుకోవచ్చు. ఆంప్ మీద పెట్టే డబ్బులో కొంత దాని మీద పెట్టడం తెలివైన పని.

తోడు వాయింపు, బ్లూటూత్

మెట్రోనోమ్, తంబూరా, పాట ట్రాకు, ఏదో ఒకటి తోడు లేకపోతే సాధన త్వరలోనే ఎండిపోతుంది. మస్టాంగ్, కటానాలు ఫోన్‌లోని శబ్దాన్ని బ్లూటూత్ ద్వారా తీసుకుని గిటార్‌తో కలిపి వినిపిస్తాయి. ఆంప్లగ్‌కు బ్లూటూత్ లేదు, చిన్న తీగతో ఫోన్‌ను కలపాలి. హెడ్‌ఫోన్ రంధ్రం లేని కొత్త ఫోన్లకు టైప్-సీ కన్వర్టర్ కూడా పట్టుకెళ్లాలి. ఈ విషయంలో డిజిటల్ పరికరాల సౌకర్యం వివాదం లేనిది.

ఇక్కడ కొత్తవాళ్లు తరచుగా పొరబడే చోటు ఒకటుంది. బ్లూటూత్‌తో పాట లోపలికి రావచ్చు గాని, గిటార్ ధ్వని బ్లూటూత్ హెడ్‌ఫోన్‌కు వెళ్లకూడదు. మామూలు బ్లూటూత్ హెడ్‌ఫోన్‌లో ఆలస్యం 100 నుంచి 200 మిల్లీసెకన్ల దాకా ఉంటుంది. నిమిషానికి 120 దెబ్బల వేగంలో ఒక్కో దెబ్బను నాలుగుగా విడగొడితే ఒక్కో భాగం 125 మిల్లీసెకన్లు. అంటే వేలు ఒక స్వరం మీద ఉన్నప్పుడు చెవికి దాని ముందు స్వరం వినపడుతుంది. అలా ఎవరూ లయలో వాయించలేరు. ట్రాకు ఆలస్యంగా వస్తే ఇబ్బంది లేదు, ఎందుకంటే వినపడినప్పుడే దానితో కలిసి వాయిస్తాం. కాబట్టి మూడింటిలో ఏది కొన్నా తీగ ఉన్న హెడ్‌ఫోన్ తప్పనిసరి.

సెల్లు, చార్జింగ్, జాక్

మస్టాంగ్ మైక్రో ఒకసారి చార్జ్ చేస్తే 6 గంటల దాకా, కటానా గో 5 గంటల దాకా పనిచేస్తాయని తయారీదారుల లెక్క. రెండూ టైప్-సీ చార్జర్‌తో చార్జ్ అవుతాయి. ఆంప్లగ్ 2కు టీవీ రిమోట్‌లో వేసే సన్న సెల్లు రెండు చాలు, ఎఫెక్టులు ఆపి వాడితే 17 గంటలు, వాడితే 11.

రోజుకు అరగంట వాయించేవాడికి 5 గంటలైనా వారానికి పైగా వస్తాయి. కాగితం మీద ఇది సమస్య కాదు. సమస్యంతా చార్జ్ చెయ్యడం మర్చిపోయిన రోజున. రైల్లో రాత్రి 11 నుంచి ఉదయం 5 దాకా చార్జింగ్ పాయింట్లకు కరెంటు ఆపేసే పద్ధతి ఉంది. రిమోట్ సెల్లు మాత్రం ఏ పల్లెటూరి కిరాణా కొట్టులోనైనా దొరుకుతాయి. రెండో సంగతి, లోపల బిగించిన లిథియం బ్యాటరీ ఏళ్లు గడిచేకొద్దీ శక్తి కోల్పోతుంది. సెల్లతో నడిచేదానికి ఆ వయసు లేదు. మళ్లీ చార్జ్ చేసుకునే సెల్లు వాడితే చెత్త కూడా తగ్గుతుంది. విమానంలో వెళ్లేవాళ్లు పవర్ బ్యాంకును చేతిసంచిలోనే పెట్టుకోవాలి, లిథియం బ్యాటరీ ఉన్న పరికరాన్ని కూడా అక్కడే పెట్టుకోవడం మంచిది.

జాక్ గురించి ఎవరూ ముందుగా చెప్పరు. స్ట్రాటోకాస్టర్ తరహా గిటార్‌కు జాక్ ముందు వైపు, పడవలాంటి గుంటలో ఉంటుంది. టెలికాస్టర్, లెస్ పాల్ తరహాల్లో పక్క అంచున ఉంటుంది. పక్క జాక్‌లో గుచ్చిన పరికరం మంచం మీద కూర్చుంటే తొడకు, పరుపుకు తగిలి జాక్‌ను వంచుతుంది. ఆంప్లగ్, మస్టాంగ్‌ల ప్లగ్గు తిరుగుతుంది కాబట్టి కొంత సర్దుకోవచ్చు. జానెడు పొడిగింపు తీగ ఒకటి కొనుక్కుంటే గిటార్ జాక్ పదేళ్లు బతుకుతుంది.

పక్కన నిలిచినవి

పాజిటివ్ గ్రిడ్ స్పార్క్ గో 2023లో వచ్చింది. 5 వాట్లు, 2 అంగుళాల స్పీకర్, 346 గ్రాములు. హెడ్‌ఫోన్ లేకుండా కూడా మోగుతుంది. పిల్లలకు పాఠం చెప్పేవాళ్లకు, స్నేహితులతో కూర్చుని వాయించేవాళ్లకు పై మూడూ చెయ్యలేని పని ఇది చేస్తుంది. దాని ఆంపుల, ఎఫెక్టుల నిల్వంతా ఫోన్ యాప్ చేతిలో ఉంటుంది కాబట్టి కటానా గో గురించి చెప్పిన నియమం దీనికి రెండింతలు వర్తిస్తుంది. జూమ్ జీ1 ఫోర్ నేల మీద పెట్టుకునే పెడలే గాని నాలుగు పెద్ద సెల్లతో 18 గంటల దాకా నడుస్తుంది. ట్యూనర్, తాళాలు, వాయించింది మళ్లీ వినిపించే లూపర్ అన్నీ ఒకే చోట కావాలనేవాళ్లు దాన్ని చూడాలి. ఫోన్‌కు చిన్న ఇంటర్‌ఫేస్ తగిలించి యాప్‌తో వాయించే దారి 2010లో ఐరిగ్‌తో ప్రచారంలోకి వచ్చింది. ధ్వని బాగుంటుంది. కానీ మధ్యలో వచ్చే ప్రతి ఫోన్ కాలూ సాధనను తెంపుతుంది.

ఎవరికి ఏది

మన రాగాలు గిటార్ మీద వాయించేవాళ్ల అవసరం కొంచెం వేరు. పాలకొల్లులో పుట్టిన యు. శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండొలిన్‌ను పట్టుకోవడం వెనక స్పష్టమైన కారణం ఉంది. మామూలు మాండొలిన్‌లో జంట తీగలు, త్వరగా ఆరిపోయే ధ్వని. ఆయన ఐదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ వాద్యంతో స్వరాన్ని నిలిపి, ఆ నిలకడలో గమకాన్ని పలికించాడు. అదే దారిలో నడిచే గిటారిస్టుకు చిట్లే అంచు అడ్డం వస్తుంది. తీగ లాగినంతసేపూ స్వరం చెదరకుండా ఉండాలి. ఆ పనికి మస్టాంగ్ మైక్రోలోని ట్విన్ ధ్వనిని మొదట చెప్తాను. కటానా గోలో కంప్రెసర్ కాస్త కలిపితే స్వరం ఇంకా నిలుస్తుంది, కాని ఎక్కువ కలిపితే మీటులోని హెచ్చుతగ్గులు చదునైపోయి తప్పు మళ్లీ దాక్కుంటుంది.

చెయ్యి కుదిరి, వచ్చే ఆదివారం వేదిక మీద వాయించాల్సిన పది పాటలు తయారు చేసుకునేవాడికి కటానా గో సరైనది. ధ్వనుల వైవిధ్యం, ట్యూనర్, అలసట తగ్గించే స్టేజ్ ఫీల్, యూఎస్‌బీ ద్వారా రికార్డు చేసుకునే వీలు అన్నీ అతనికి అక్కరకొస్తాయి. పరికరంగా చూస్తే మూడింటిలో ఉత్తమమైనది అదే.

చెయ్యి ఇంకా దారిలో పడుతున్నవాడికి, పడిన దారి తప్పి మళ్లీ వెతుక్కుంటున్న నాలాంటివాడికి ఏసీ30 ఆంప్లగ్‌నే ఎంచుతాను. మూడింటిలో చవకైనది, ధ్వనుల లెక్కలో అన్నిటికన్నా పేద. ఆ పేదరికం వల్లే నేను వాయించడం తప్ప దానితో చెయ్యగలిగింది ఏమీ ఉండదు. ట్యూనర్‌కు బదులు గిటార్ తలకు తగిలించుకునే చిన్న క్లిప్పు కొనుక్కున్నాను. తంబూరా శబ్దం ఫోన్ నుంచి తీగ ద్వారా వస్తుంది.

పోయిన నెల కాకినాడ లాడ్జిలో గెయిన్ సగానికి, టోన్ సగానికి పెట్టి సరళి వరుసలు ఎత్తుకున్నాను. మూడో కాలంలో ధైవతం మీంచి నిషాదానికి వెళ్లే చోట ధ్వని చిట్లింది. రెండేళ్ల ఉత్త తీగల సాధన ఆ చోట ఇంకా నా మణికట్టులో ఉంది. వేగం తగ్గించి, కుడిచెయ్యి వదులు చేసి, మళ్లీ మొదటి కాలం నుంచి వాయించాను. గడియారం 11 చూపించేసరికి ఆ నిషాదం రెండుసార్లు చిట్లకుండా పలికింది. మూడోసారి చిట్లింది. గిటార్ సంచిలో పెట్టేముందు ఆ చోటు కాగితం మీద రాసుకున్నాను, రేపు అక్కడే మొదలుపెట్టాలి.